పప్పుల పొడిలో కలిపింది నేనే

పెదవులు చిమచిమలాడుతున్నాయని నా కూతురు చెప్పిన రోజు, ఎందుకో నాకు తెలుసు. తెలిసే, "కారం ఎక్కువైంటుందిలే, నీళ్లు తాగు" అన్నాను. జబ్బుల అనుభవాలు రాసేవాళ్లు మొదటి రోజు తమకేమీ అర్థం కాలేదని రాస్తుంటారు. నాకు అర్థమైంది. పైగా సంతోషించాను. పెదవులు చిమచిమలాడడంతో ఆగింది కదా, అంటే పిల్లకు అలవాటవుతోందని లెక్కేసుకున్నాను.

మాది అనంతపురం వైపు. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ పండేది చెనక్కాయలే. హైదరాబాద్‌లో పల్లీలంటారు. మేం తిన్న తిండి, కట్టిన బట్ట, నేను చదివిన డిగ్రీ, అన్నీ ఆ కాయ పెట్టినవే. ఉద్యోగాల కోసం వచ్చి తార్నాకలో ఇల్లు తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. నేను యూనివర్సిటీలో ఒక సైన్స్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో పని చేస్తాను. మాకు ఒక్కతే కూతురు, నీరజ. అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ ఎస్సై ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది పరుగు పరీక్ష. దాన్ని పిల్లలందరూ ఈవెంట్స్ అంటారు. అందుకని రోజూ సాయంత్రం క్యాంపస్ గ్రౌండ్‌లో రవళి అనే స్నేహితురాలితో కలిసి పరుగెత్తేది.

నీరజకు చెనక్కాయలు పడవు. నాలుగేళ్లప్పుడు మా అమ్మ చెనక్కాయల ఉండ చిదిపి నోట్లో పెడితే ఒళ్లంతా దద్దుర్లొచ్చి, కళ్లు మూసుకుపోయేంత ఉబ్బింది. అప్పట్నుంచి పెట్టలేదు. ఇంట్లో నూనె కూడా మార్చాం. అంతేగానీ టెస్టులు చేయించలేదు. మన ఇళ్లల్లో పడదనే మాటకు విలువ లేదు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి రాత్రిపూట పెరుగు పడదు, మా వదినకు ఎవరి సుఖమూ పడదు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం.

పోయిన ఏడాది ఊళ్లో ఆ వదిన ఇంట్లోనే గృహప్రవేశం. నీరజ విస్తరి ముందు కూర్చుని, వడ్డించే ప్రతివాళ్లనూ "ఇందుల పల్లీలున్నయా?" అని అడిగింది. పంక్తి మొత్తం వింది. చివరికి పెరుగన్నం తిని లేచింది.

"చెనక్కాయలమ్మి నిన్ను డిగ్రీ సదివిస్తిమి. ఆ కాయ నీ కూతురికి పడదంట. హైదరాబాద్ నీళ్లు బాగా పట్టినాయిలే" అంది వదిన, నలుగురి మధ్యలో.

నాకు తల కొట్టేసినట్టయింది. వదిన మీది కోపం వదిన మీద చూపించడం నాకు చేతకాదు. తిరుగు ప్రయాణంలో బస్సులో నీరజను దులిపేశాను. "రేపు ఎస్సైవైతే బందోబస్తులో పొట్లం ఇస్తారు. అప్పుడు ఎవరిని అడుగుతావే, సీఐని అడుగుతావా?"

"నేను కావాలని చేస్తున్ననా అమ్మా" అని, అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు ఆఫీసులో ఒకాయన ఫోన్లో ఏదో వీడియో చూస్తూ, ఈ అలర్జీకి విదేశాల్లో పల్లీనే కొంచెం కొంచెంగా పెట్టి మాన్పుతున్నారట మేడం అన్నాడు. "డాక్టర్ల ఎదురుంగ, కొలిచి పెడతరంట" అని కూడా అన్నాడు. నేను మొదటి ముక్క విన్నాను. రెండోది వినలేదు. విన్నా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మా వైపు పప్పుల పొడి లేనిదే అన్నం దిగదు. పుట్నాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచుతాం. నీరజ రోజూ తినే పొడి అదే. వేయించి పొట్టు తీసిన చెనక్కాయలు కూడా దంచితే ఇంచుమించు అదే రంగు. వెల్లుల్లి ఘాటులో రుచి తెలియదు. మొదటి వారం డబ్బాలో ఒక్క చెంచా కలిపాను. రెండో వారం రెండు. ప్రతి వారం కొత్త డబ్బా నింపేటప్పుడు పెంచుకుంటూ పోయాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే వద్దంటాడని తెలుసు.

దాని ఒంట్లో తేడా కనబడకపోలేదు. తిన్నాక పెదవులు, అప్పుడప్పుడు కడుపునొప్పి, ముక్కు కారడం, తుమ్ములు. గ్రౌండ్‌లో దుమ్మనుకుని అది రోజూ సెట్రిజిన్ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టింది. "ఈ దుమ్ముకు చచ్చిపోతున్న అమ్మా" అనేది. నేను అవునవును, ఎండాకాలం కదా అనేదాన్ని. ఒక రోజు అన్నం తిన్నాక దాని చేతుల మీద దద్దుర్లు చూశాను. తర్వాతి డబ్బాలో ఒక్క చెంచా తగ్గించలేదు.

ఏడో వారం డబ్బాలో సగం పుట్నాలు, సగం చెనక్కాయలు. ఆ రోజు నీరజ మధ్యాహ్నం ఆలస్యంగా అన్నం తింది, నెలసరి నొప్పికి పెయిన్ కిల్లర్ వేసుకుంది, గ్రౌండ్‌కు వెళ్లింది. సాయంత్రం ఐదు దాటాక ఆఫీసులో ఉండగా రవళి ఫోన్ చేసింది.

"ఆంటీ, నీరజ కింద పడ్డది. మొఖమంత ఉబ్బింది, ఊపిరి ఆడ్తలేదు. ఆటోల ఏస్కొని పోతున్న, మీరు జల్ది రండ్రి."

నేను వెళ్లేసరికి క్యాజువాలిటీలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టారు. ముఖం పోల్చుకోలేకపోయాను. ఛాతీలో పిల్లికూతలు మంచం పక్కనున్న నాకు కూడా వినిపిస్తున్నాయి. డ్యూటీ డాక్టర్ చిన్నపిల్ల, నీరజ కంటే ఐదారేళ్లు పెద్దదేమో. తొడకు సూది వేస్తూ, "బీపీ పడిపోయింది, అడ్రినలిన్ ఇంకో డోస్ తీయండి" అని నర్సుకు చెబుతోంది. నాకు ఒక్క మాట చెప్పింది, "అనఫిలాక్సిస్ అమ్మా, ప్రాణం మీదికొచ్చే అలర్జీ. సీరియస్." తర్వాత అడిగింది.

"ఏం తిన్నది?"

"అన్నం, పప్పుల పొడి, పెరుగు. రోజూ తినేదే."

"పల్లీ ఏమన్న తిన్నదా? ఫ్రెండ్ చెప్తున్నది పల్లీ పడదని."

"మా ఇంట్లోకి అవి తేనే తేము" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తేలు కుట్టిన దొంగ కూడా నాకంటే ఎక్కువ మెలికలు తిరుగుతాడు. డాక్టర్ మళ్లీ అడిగింది, మందులేమైనా వేసుకుందా అని. పెయిన్ కిల్లర్ వేసుకుందని రవళి చెప్పింది. "అయితే అదే అయ్యుంటది" అని డాక్టర్ కేస్ షీట్‌లో డ్రగ్ రియాక్షన్ అని రాసుకుంది. అది రాస్తుంటే నాకు కలిగింది భయం కాదు, బాధ కాదు. ఊరట. దొంగ దొరికాడు, ఆ దొంగ నేను కాదు.

సూదులకు నీరజ తేరుకుంది. ఒక రోజు ఉంచుకుని, ఆ మాత్ర మళ్లీ వేసుకోవద్దని కాగితం మీద రాసిచ్చి, నెల తర్వాత అలర్జీ డాక్టర్‌కు చూపించమని ఇంటికి పంపారు. పల్లీ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఇల్లు చేరగానే నేను చేయాల్సింది ఒక్కటే పని. ఆ డబ్బా పారేయాలి. కానీ నిండు డబ్బా పారేస్తే మా ఆయన ఎందుకని అడుగుతాడు. రేపు ఆఫీసుకు వెళ్తూ బ్యాగులో పెట్టుకుపోయి ఎక్కడైనా పడేద్దామనుకుని వెనక అరలోకి జరిపాను. మందులు, పెరుగు తేవడానికి కిందికి దిగాను. తార్నాక మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపులో జనం ఉన్నారు. అరగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి మా ఆయన నీరజ మంచం అంచున కూర్చుని తినిపిస్తున్నాడు. వేడన్నం, నెయ్యి, పొడి. "ఏదీ రుచించట్లేదంటే కలిపినా. డబ్బా యాడో వెనక పెట్టినావే" అన్నాడు. కంచంలో సగం అయిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఉమ్మేయమని అరవొచ్చు. నేనేం చేశానంటే, "జబ్బు మనిషికి కారమేంటండీ, వేడి చేస్తుంది" అంటూ కంచం తీసేసుకున్నాను. వాళ్లకు తెలియకుండా గడిచిపోతే చాలనుకున్నాను. సెట్రిజిన్ ఇచ్చి, మంచినీళ్లిచ్చి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పావుగంట అలా కూర్చున్నాను. పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. గొంతు మారింది. "అమ్మా, మల్ల అట్లనే అయితున్నది" అని నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యే పట్టుకుంది.

ఆటోలో తార్నాక చౌరస్తా దాటేలోపు దాని పెదవులు నల్లబడ్డాయి. మా ఆయన ఆటో దిగి, అడ్డమొచ్చిన బండ్లవాళ్లకు దండాలు పెడుతూ ముందు పరుగెత్తాడు. ఆస్పత్రిలో అడ్రినలిన్ ఒకటి, రెండు, తర్వాత సెలైన్‌లో. "గొంతు లోపల వాపొచ్చింది, ఆక్సిజన్ సాచురేషన్ నిలబడ్తలేదు, ట్యూబ్ వేయాలె, సంతకం పెట్టండి" అన్నారు. మా ఆయన పెట్టాడు. ఐసీయూ తలుపు మూసుకుంది.

కాసేపటికి ఆ చిన్న డాక్టరే బయటికొచ్చింది. "మళ్ల పెయిన్ కిల్లర్ ఇచ్చిన్రా?"

"లేదమ్మా, అన్నమే పెట్టినా" అన్నాడు మా ఆయన.

ఆమె నా వైపు తిరిగింది. "అమ్మా, ఏం తిన్నది?"

చెప్పాను. పొడిలో ఏముందో, ఎవరు కలిపారో, ఎన్ని వారాల నుంచో.

డాక్టర్ నన్ను తిట్టలేదు. "ఇదే మాట మొన్న చెప్పి ఉంటే మీ బిడ్డ ఇయ్యాల ఇక్కడ ఉండకపోవు" అని లోపలికి వెళ్లిపోయింది. మా ఆయన గోడకు చేరబడి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్లకు ఇంకా నెయ్యి ఉంది.

"నా చేత్తోనే పెట్టిస్తివి కదే" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ట్యూబ్ తీశాక మాట రాలేదు, గొంతు బొంగురు. నువ్వే చెప్పుకో అన్నాడు మా ఆయన. చెప్పాను. అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నర్సు దగ్గర కాగితం తీసుకుని, ఎన్ని రోజులు అని రాసి చూపించింది.

"ఏడు వారాలు" అన్నాను.

అది వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. దుమ్ము అనుకుని సెట్రిజిన్ మింగిన రోజులనుకుంటాను. కాగితం తిరిగిచ్చి గోడ వైపు తిరిగింది. ఆ తర్వాత మూడో నాడు దాని ఈవెంట్స్. పొద్దున ఆరింటికి రిపోర్ట్ చేయాలి. ఆ ఆరింటికి నీరజ వార్డులో సెలైన్ స్టాండ్ పట్టుకుని బాత్రూమ్‌కు నడుస్తోంది. ఆ ఈవెంట్స్‌లో పరుగెత్తి రవళి పాసయింది. నా కూతురు నా మూలంగా ఫెయిల్ కూడా కాలేదు, గైర్హాజరయింది.

నెలన్నర తర్వాత అలర్జీ డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. పెద్దాయన, తాపీ మనిషి. టెస్టుకు వారం ముందే సెట్రిజిన్ మాన్పించారు. నీరజ ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, మూడు చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సన్నగా గుచ్చారు.

"ఇది ఉప్పునీళ్లు, దీనికి ఏం కావద్దు. ఇది హిస్టమైన్. ఇది పల్లీ" అన్నారు.

హిస్టమైన్ అనే మాట నాకు కొత్త కాదు. శరీరంలో హిస్టమైన్ పాత్రను వివరించండి అనే ప్రశ్నను ఎన్నో పరీక్ష పేపర్లలో టైప్ చేశాను. స్పెల్లింగ్ సరిచూశానే తప్ప జవాబు ఏమిటని ఎవరినీ అడగలేదు. నా చుట్టూ అది చెప్పగలిగిన ప్రొఫెసర్లు డజను మంది ఉన్నారు. సంతకాల కోసం రోజూ నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ జవాబు డాక్టర్ చెప్పారు. "హిస్టమైన్ చెడ్డది కాదమ్మా. కడుపుల యాసిడ్ ఊరాలన్నా, మనం మెలకువగ ఉండాలన్నా అదే కావాలె. చర్మంల, ముక్కుల, గొంతుల, పేగులల్ల మాస్ట్ సెల్స్ అని ఉంటయి. వాటి నిండ హిస్టమైన్ దాచిపెట్టి ఉంటది. మీ బిడ్డ ఒంట్లె పల్లీకి ఐజీఈ అనే యాంటీబాడీ తయారైంది, అది పోయి ఆ సెల్స్ మీద కూసున్నది. పల్లీ తగలంగనే సెల్స్ అన్ని ఒక్కసారె పగిలినట్టయితది. హిస్టమైన్ బయట పడ్తది, దాని ఎంబడి ఇంకొన్ని కెమికల్స్. రక్తనాళాలు వెడల్పయి నీరు కారుతది, బీపీ పడ్తది. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటయి."

"మరి సెట్రిజిన్ ఇచ్చినాను కదా సార్" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

"సెట్రిజిన్ దురద ఆపుతది, దద్దుర్లు ఆపుతది. గొంతు వాపును ఆపది, బీపీని లేపది. ఆ పని అడ్రినలిన్ ఒక్కటే చేస్తది. ఇన్ని రోజులు ఆమె వేస్కున్న గోలీ గుర్తులను దాచిపెట్టింది. మీరేమో అలవాటైతున్నది అనుకున్నరు. మేం చేసేది వేరే. మిల్లీగ్రాముల లెక్కన, సూది చేతుల పట్టుకొని, పేషెంట్‌కు చెప్పి చేస్తం. అది కూడ అందరికి చెయ్యం. పెయిన్ కిల్లర్, పరుగు, ఈ రెండు తోడైతే మామూలుగ సైలెంట్ ఉన్న రియాక్షన్ కూడ మనిషిని పడగొడ్తది."

పావుగంటలో హిస్టమైన్ చుక్క దగ్గర చిన్న దోమకాటంత లేచింది. పల్లీ చుక్క దగ్గర రూపాయి బిళ్లంత దద్దు, దానికి కాళ్లు వచ్చినట్టు పక్కలకు పాకింది.

"హిస్టమైన్ నేరుగ పెడితే గింత. పల్లీకి చూడండి" అన్నారు డాక్టర్.

నేను కుర్చీలోంచి లేవలేదు. నీరజే పిలిచింది. "దగ్గరికి రా అమ్మా. మంచిగ చూడు." చెయ్యి చాపి నా ముఖం ముందు పెట్టింది. చాలాసేపు పెట్టింది.

వదిన ఫోన్ చేసింది. పిల్లకు దిష్టి తగిలింటుంది అంది. దిష్టి కాదు వదినా, నేనే పెట్టినాను అని మొత్తం చెప్పాను. "తల్లివి. మంచికే చేసినావులే" అంది. నాతో ఇంత ప్రేమగా ఆమె ఏనాడూ మాట్లాడలేదు. నేను ఆమె జట్టులో చేరానని ఆమెకు తెలిసిపోయింది. ఫోన్ పెట్టేశాను.

మంచికి చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మొదటి చెంచా బహుశా మంచికే. ఆ దద్దుర్లు చూశాక వేసిన ప్రతి చెంచా గెలవడానికి. క్యాజువాలిటీలో చెప్పిన అబద్ధం నా పరువుకు. ఈ మూడింటినీ కలిపి తల్లిప్రేమ అని పేరు పెట్టడానికి మా వైపు బంధువులు సిద్ధంగా ఉన్నారు. నీరజ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.

ఇప్పుడు నీరజ హబ్సిగూడలో రవళితో కలిసి గదిలో ఉంటోంది. తన వంట తనే చేసుకుంటుంది. పరుగు మళ్లీ మొదలుపెట్టింది, తిన్న నాలుగు గంటల వరకు మాత్రం గ్రౌండ్‌కు వెళ్లదు. ఇంకో నోటిఫికేషన్ కోసం చూస్తోంది, వయసు దాటకముందే రావాలి. ఎక్కడికెళ్లినా అడ్రినలిన్, సిరంజి ఉన్న చిన్న డబ్బా వెంట ఉంటుంది. తొడకు ఎలా పొడవాలో వాళ్ల నాన్నకు, రవళికి నేర్పించింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నాను.

ఆదివారాలు వస్తుంది. వంటింట్లో గిన్నెలు, మిక్సీ, రోలు అన్నీ మార్చేశాను. "మంచిపని చేసినవ్ అమ్మా" అంది, మర్యాదగా, పక్కింటావిడతో అన్నట్టు. తర్వాత బ్యాగులోంచి తన టిఫిన్ డబ్బా తీసి, మా ఇద్దరి పక్కన కూర్చుని అది తింది. నీళ్లు కూడా తన సీసాలోవే. వాళ్ల నాన్న కలిపి ఇస్తానన్నా వద్దంది. ఆయన ఏ తప్పూ చేయలేదు, ఆ ఇంటి తిండి తినడమే దానికి చేతకావట్లేదు. వెళ్లేటప్పుడు నన్ను కౌగిలించుకుంటుంది. ప్రేమ లేదని చెప్పలేను. నమ్మకం లేదు. అది తిరిగొస్తుందని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు.

ఇలాంటి అలర్జీ ఉన్నవాళ్లు పర్సులో ఒక కార్డు పెట్టుకోవాలని డాక్టర్ చెప్పారు. పోయిన ఆదివారం నీరజ స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీద దాని పర్సు తెరిచి ఉంటే ఆ కార్డు చూశాను. పేరు, రక్తం గ్రూపు, పల్లీ అలర్జీ, ముందు అడ్రినలిన్ ఇవ్వండి అని ఉంది. ఫోన్ చేయాల్సింది, నాన్న. కింద ఇంకో వరుస. ఏం తిన్నదో ఎవరిని అడగాలి. దాని ఎదురుగా రవళి నంబరు ఉంది. కార్డు ఎలా ఉందో అలాగే పెట్టేశాను.

ఇది చదువుతున్న తల్లులకు, తండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో ఏం జరిగినా సరే, ఎవరి పరువు పోయినా సరే, ఏం తిన్నదని డాక్టర్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మొదటిసారి అడిగినప్పుడే చెప్పండి. నేను రెండోసారి అడిగాక చెప్పాను. అప్పటికి నా కూతురి గొంతులో గొట్టం ఉంది.